డ్రైవు ఆన్ చేస్తే కాటా ఎగురుతాంది, ఎర్తు బాగానే ఉంది, ఏం చేయాల?

గానుగ_అనంతపురం
సోమవారం రాత్రి 9:52

అందరికీ నమస్కారం అన్నా. అనంతపురంలో నాది చిన్న చెక్క గానుగ, బుడ్డల (వేరుశనగ) నూనె, నువ్వుల నూనె ఆడిస్తాం. మూడు హెచ్‌పీ మోటరు, గేర్‌బాక్సు. త్రీ ఫేజు కనెక్షను లేదు కాబట్టి సింగిల్ ఫేజు ఇస్తే త్రీ ఫేజు బయటికొచ్చే డ్రైవు అనే డబ్బా పెట్టించినా, రెండు నెల్లయింది. గానుగ బ్రహ్మాండంగా తిరుగుతాంది, స్పీడు కూడా చేతిలో ఉంది. కష్టమంతా కాటాతో వచ్చింది. 100 కేజీల డిజిటల్ కాటా, 10 గ్రాముల లెక్క. గానుగ ఆపేస్తే రాయి మాదిరి నిలబడతాది. గానుగ తిరిగేటప్పుడు 15 కేజీల టిన్ను పెడితే 14.960 అంటాది, 15.020 అంటాది, ఒక్కోసారి 15.110 కూడా అంటాది, నిలవదు.

నిన్న మా వీధి చివరి అవ్వ బుడ్డలు ఆడించుకోను వచ్చింది. తూకం ఒకసారి ఒకటి, ఇంకోసారి ఒకటి వచ్చేసరికి అందరి ముందర "నీది దొంగ కాటా రా నాయనా" అనేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఎవురన్నా తెలిసినోళ్లు చెప్పండి, ఇది కాటా రిపేరా, డ్రైవు రిపేరా?

వైర్‌మన్_తాడిపత్రి
సోమవారం రాత్రి 10:15

ఏముందప్పా దీంట్లో, ఎర్తు. నూటికి తొంభై ఇట్లాంటివి ఎర్తే. మన సైడు నేలంతా రాయి, వాన చూస్తే అంతంత మాత్రం, ఎండాకాలం వస్తే ఎర్తు గుంత ఎండిపోయి సున్నం గడ్డయితాది. ఉప్పు, బొగ్గు కొత్తగా వేసి రెండు డ్రమ్ముల నీళ్లు పొయ్యి, పొద్దున్నే చూడు.

సెల్‌పాయింట్_కదిరి
సోమవారం రాత్రి 10:31

అన్నా ఆన్‌లైన్‌లో ప్లగ్గులో పెట్టే చిన్న డబ్బీ వస్తాది, పవర్ సేవరు, కరెంటు క్లీన్ చేస్తాదంట, బిల్లు కూడా తగ్గుతాదంట, ఒకటి ట్రై చెయ్.

వైర్‌మన్_తాడిపత్రి
సోమవారం రాత్రి 10:34

దాన్ని ఒకటి విప్పి చూసినా తమ్ముడూ. లోపల ఒక కెపాసిటరు, ఒక పచ్చ లైటు, అంతే. లైటు మటుకు బాగా వెలుగుతాది.

గానుగ_అనంతపురం
మంగళవారం పొద్దున 8:20

అన్నా నువ్వు చెప్పినట్టే రాత్రే రెండు డ్రమ్ములు పోసినా, ఉప్పు బొగ్గు వేసి మరీ. ఫేజుకీ ఎర్తుకీ 231 వస్తాంది, న్యూట్రల్‌కీ ఎర్తుకీ 2 వోల్టులు. ఎర్తు బాగానే ఉన్నట్టే కదా. కాటా మాత్రం అదే ఆట.

గుంతకల్లు_సిగ్నల్_రిటైర్డ్
మంగళవారం పొద్దున 10:05

బాబూ, నేను రైల్వేలో సిగ్నల్, టెలికాం విభాగంలో చేసి రిటైరైనాను. మీటరులో 231 వచ్చిందంటే ఎర్తు వైరు తెగిపోలేదని తెలుస్తుంది, దానికి మించి మీ సమస్య గురించి అది ఏమీ చెప్పదు. గుంతను కాసేపు పక్కన పెట్టి ఈ నాలుగు సంగతులు చూసి రాయండి.

మీ కాటా లోపల బ్యాటరీ ఉంటుంది. చార్జరు పూర్తిగా పీకేసి బ్యాటరీ మీద పెట్టండి, గానుగ తిప్పండి, ఆట తగ్గిందా లేదా? రెండోది, డ్రైవు ఆన్‌లో ఉండి మోటారు తిరగకుండా ఆగి ఉంటే కాటా ఆడుతుందా? మూడోది, డ్రైవు నుంచి మోటారుకు పోయే వైరు ఏ రకం, ఎన్ని మీటర్లు, కాటా వైరు దాని పక్కన ఎక్కడన్నా పోతోందా? చివరిది, మోటారు ఎర్తు వైరు ఎక్కడికి పోతోంది, డ్రైవు దగ్గరికా, నేరుగా గుంతకా?

ఊహ మీద ఏదీ కొనొద్దు. ముందు నాయిస్, అంటే అక్కర్లేని కరెంటు అలజడి, ఏ దారిన వస్తోందో తేలాలి. అది వైరులోపలి నుంచి కరెంటుతో పాటు రావచ్చు, గాలిలో నుంచి రావచ్చు, పక్క వైరు నుంచి అంటుకోవచ్చు. మూడింటికీ మందులు వేరు.

కడప_రేడియో_పిచ్చోడు
మంగళవారం మధ్యాహ్నం 1:40

సామీ నేనొక చిట్కా చెప్తా, పైసా ఖర్చు లేదు. ఇంట్లో పాత పాకెట్ రేడియో ఉంటే మీడియం వేవ్‌లో పెట్టు. మా కడప స్టేషను 900 కిలోహెర్ట్జ్, దాని మీద పెట్టొద్దు, ఏ స్టేషనూ లేని తావున ముల్లు పెట్టి వాల్యూము పెంచి గానుగ చుట్టూ తిరుగు. డ్రైవు వైరు ఏడేడ పోతాందో ఆడాడ గుర్ర్ర్ అంటాది. ఇంకోటి, ఆ రేడియో లోపల ఏరియల్ ఒక నల్ల ఫెర్రైట్ కడ్డీ, దాని కొన నాయిస్ వైపు తిరిగినప్పుడు శబ్దం బాగా తగ్గుతాది. ఆ దిక్కు పట్టుకొని పోతే దొంగ దొరుకుతాడు. మా ఇంట్లో దొంగ మేడమీద మెట్ల కాడి ఎల్‌ఈడీ బల్బు, 70 రూపాయలది, సంతలో కొన్నది. రాత్రి ఏడు నుంచి రేడియో వినబడక రేడియోనే చెడిపోయిందనుకొని రిపేరుకి ఇచ్చినా, ఆ మెకానిక్కు పగలు పెట్టి చూసి బాగానే ఉంది కదా పో అన్నాడు. పగలు బల్బు ఎవురు వేస్తారు.

ఎఫ్ఎంలో పెట్టి వెతకొద్దు, మీ అనంతపురం స్టేషను ఎఫ్ఎమ్మే, దాంట్లో ఈ గుర్రు పెద్దగా వినపడదు. ఏఎం సిగ్నల్లో మాట ఎత్తు పల్లాల మీద పోతాది, నాయిస్ కూడా ఎత్తు పల్లమే, రెండూ కలిసిపోతాయి. ఎఫ్ఎంలో మాట ఫ్రీక్వెన్సీ మార్పులో ఉంటాది కాబట్టి రేడియో ఎత్తుపల్లాలను కోసి పారేస్తాది.

సెల్‌పాయింట్_కదిరి
మంగళవారం మధ్యాహ్నం 2:02

ఓహో అందుకేనా. మరి ఫోను స్పీకరు పక్కన పెడితే కాల్ వచ్చే ముందు టిడిక్ టిడిక్ టిడిక్ అంటుండె, అదీ ఇదేనా?

కడప_రేడియో_పిచ్చోడు
మంగళవారం మధ్యాహ్నం 2:11

అదీ ఇదే జాతి. టూజీ ఫోను ఆపకుండా మాట్లాడదు, సెకనుకు 217 సార్లు ముక్కలు ముక్కలుగా పంపుతాది. 900 మెగాహెర్ట్జ్ మన చెవికి వినపడదు గానీ ఆ 217 దెబ్బలు స్పీకరు ఆంప్లిఫయరులోకి దూరి శబ్దమవుతాయి. ఫోర్‌జీ వచ్చినాక ఆ టిడిక్ పోయింది, నాకైతే దిగులే. మా చిన్నప్పుడు దూరదర్శన్ చూసేటప్పుడు పక్కింట్లో మిక్సీ వేస్తే టీవీ నిండా గీతలు, బయట స్కూటరు పోతే చుక్కలు. మిక్సీలో బ్రష్షుల నిప్పురవ్వలు, స్కూటర్లో ప్లగ్గు రవ్వ. గీతలు వస్తే మా నాయన పక్కింటోళ్లను తిట్టేటోడు, వాళ్లు ఆరోజు చట్నీ మానేసేటోళ్లు కాదు.

గానుగ_అనంతపురం
మంగళవారం రాత్రి 9:30

సార్ అన్నీ చూసినా. రాస్తాండా.

చార్జరు పీకేస్తే ఆట సగం తగ్గింది, కానీ పోలేదు. 150 గ్రాముల ఊపు 60, 70 దగ్గరికి వచ్చింది. డ్రైవు ఆన్‌లో పెట్టి మోటరు ఆపితే కాటా బంగారం, ఒక్క గ్రాము కదలదు. మోటరు తిరగడం మొదలుపెట్టంగానే మొదలయితాది. డ్రైవు నుంచి మోటరుకు మామూలు మూడు పీవీసీ వైర్లు, 9 మీటర్లుంటాది. మోటరు బాడీకి పచ్చ వైరు, అది నేరుగా వెనక గుంతలోకి పోతాది, డ్రైవు ఎర్తు వేరే, అది మీటరు బోర్డు ఎర్తుకు పోతాది.

ఇంగ కాటా వైరు సంగతి చెప్పను సిగ్గవుతాంది. మొన్న కౌంటరు జరిపినప్పుడు కాటా తట్ట కాడి నుంచి డిస్‌ప్లే దాకా వైరు చాలలేదని ఒక మెకానిక్కు నాలుగు మీటర్ల వైరు అతికించినాడు. అది మోటరు వైర్లు పోయే పీవీసీ పైపులోనే దూర్చినాం, ఇంకో పైపు ఎందుకులే అని.

రేడియో పెట్టి చూసినా, కడప అన్న చెప్పినట్టే ఆ పైపు పొడుగునా గుర్రు. రేకుల షెడ్డు స్తంభం దగ్గర కూడా గుర్రు, అది ఎందుకో తెలీలేదు.

వైర్‌మన్_తాడిపత్రి
మంగళవారం రాత్రి 9:48

ఒకే పైపులో!!! నాయనా.

గుంతకల్లు_సిగ్నల్_రిటైర్డ్
బుధవారం పొద్దున 7:15

బాగా రాశారు బాబూ, సగం పని అయిపోయినట్టే. కొంచెం పెద్దగా చెప్తాను, ఓపికతో చదవండి.

డ్రైవు మీ 230 వోల్టులను ముందు డీసీ చేస్తుంది, సుమారు 325 వోల్టులు వస్తుంది. తర్వాత లోపలి ఐజీబీటీ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చులు ఆ డీసీని సెకనుకు వేలసార్లు కోసి మోటారుకు పంపుతాయి. మోటారు వైండింగు దాన్ని నున్నగా చేసుకొని ఏసీ లాగా వాడుకుంటుంది, అందుకే గానుగ చక్కగా తిరుగుతుంది. కానీ ఆ 9 మీటర్ల వైరు మీద పోయేది నున్నటి అల కాదు, నిట్టనిలువు గోడలు, సున్నా నుంచి 325కి మైక్రోసెకనులో పదోవంతు సేపట్లో ఎగబాకేవి. మోటారు ఆపి డ్రైవు మటుకు ఆన్‌లో ఉన్నప్పుడు స్విచ్చులు కోయడం లేదు, అందుకే కాటా కదల్లేదు.

ఇప్పుడు వైరుకీ చుట్టూ ఉన్న ఇనుముకీ మధ్య, వైండింగుకీ మోటారు బాడీకీ మధ్య కొంచెం కెపాసిటెన్సు, అంటే ఒకదానికొకటి తగలకపోయినా వోల్టేజీ మారినప్పుడు కరెంటు దాటే గుణం, తప్పకుండా ఉంటుంది, దాన్నెవరూ పెట్టక్కర్లేదు, అదే ఉంటుంది. ఒక్క నానోఫ్యారడ్ అనుకోండి, చాలా తక్కువ. 325 వోల్టులు 0.1 మైక్రోసెకనులో మారితే దాని గుండా 3.25 ఆంపియర్లు దూకుతుంది. కనురెప్పలో లక్షల వంతు సేపే, అయినా ప్రతి కోతకూ దూకుతుంది. ఈ కరెంటు ఎక్కడికి పోవాలి? అందరూ భూమిలోకి పోతుందనుకుంటారు. పోదు. అది పుట్టింది డ్రైవులో, ఏదో ఒక దారిన డ్రైవుకే తిరిగి రావాలి. మీరు దానికి దారి ఇవ్వలేదు, మోటారు పచ్చ వైరును డ్రైవుకు కాక వెనక గుంతకు కట్టారు. కాబట్టి అది మోటారు బాడీ నుంచి గానుగ ఇనుము, షెడ్డు స్తంభం, గుంత, మట్టి, మీటరు బోర్డు ఎర్తు, మధ్యలో మీ కాటా చార్జరు, అన్నీ తడుముకుంటూ డ్రైవుకు వస్తోంది. స్తంభం దగ్గర రేడియో ఎందుకు గుర్రుమందో అర్థమైందా.

కాటా సంగతి చూడండి. తట్ట కింద బరువును వోల్టేజీగా మార్చే లోడ్‌సెల్లు మామూలుగా ఒక వోల్టు ఇస్తే రెండు మిల్లీవోల్టుల లెక్క. అయిదు వోల్టులు ఇస్తే నిండు బరువుకు పది మిల్లీవోల్టులు. 100 కేజీలను 10 గ్రాముల లెక్కన కోస్తే పదివేల ముక్కలు. అంటే 10 గ్రాములకు ఒక్క మైక్రోవోల్టు! పదిహేను మైక్రోవోల్టుల మురికి చేరితే మీ కాటాలో 150 గ్రాములు. ఆ తీగను 325 వోల్టుల గోడల పక్కన నాలుగు మీటర్లు కౌగిలించి పడుకోబెట్టారు, అవ్వ అనక ఏమంటుంది.

వైర్‌మన్_తాడిపత్రి
బుధవారం పొద్దున 9:02

సార్ మీరు పెద్దోళ్లు, అయినా ఒక మాట. ఇరవై అయిదేండ్లుగా వైరింగు చేస్తాండా. ఎర్తు బలంగా ఉంటే ఈ కరెంటంతా గుంతలోకి లాగేసుకుంటాది కదా, అందుకే కదా మంచి ఎర్తు పెట్టమనేది?

గుంతకల్లు_సిగ్నల్_రిటైర్డ్
బుధవారం పొద్దున 9:40

ఎర్తు గుంత ప్రాణం కోసం బాబూ. మోటారు బాడీకి ఫేజు తగిలితే ఫ్యూజు పోవాలి, మనిషి పోకూడదు, అది 50 హెర్ట్జ్ కథ. దాన్ని ఎవరూ తక్కువ చేయరాదు. కానీ నాయిస్‌కు లెక్క వేరు. మామూలు వైరుకు ఇండక్టెన్సు, అంటే వేగంగా మారే కరెంటును అడ్డుకునే గుణం, మీటరుకు సుమారు ఒక మైక్రోహెన్రీ అనుకుంటే గుంత దాకా 10 మీటర్ల వైరుకు 10 మైక్రోహెన్రీలు. 50 హెర్ట్జ్‌లో అది ఒక ఓమ్‌లో వెయ్యోవంతులు మూడు, ఏమీ కాదు. అదే వైరు ఒక మెగాహెర్ట్జ్ దగ్గర 63 ఓములు. మీరు గుంతలో తేనె పోసినా అక్కడిదాకా పోయే వైరే అడ్డం. అందుకే దగ్గరి దారి, వెడల్పు దారి కావాలి.

వైర్‌మన్_తాడిపత్రి
బుధవారం పొద్దున 9:55

63 ఓములా. సరే, ఈ లెక్క నేనెప్పుడూ వేయలేదు.

ఈసీజీ_కర్నూలు
బుధవారం మధ్యాహ్నం 12:30

ఇది చదువుతుంటే మా పనే గుర్తొచ్చింది, నేను కర్నూల్లో ఈసీజీ తీస్తాను. గుండె సిగ్నలు ఒంటి మీదికి వచ్చేసరికి సుమారు ఒక మిల్లీవోల్టు. మంచం గోడకు ఆనించి ఉంటే, గోడలో వైరింగు ఉంటే, పేషెంటు తల కింద ఫోను చార్జింగులో ఉంటే కాగితం మీద గీత సన్నగా రాదు, గొంగళిపురుగు మాదిరి వస్తుంది, సెకనుకు 50 వెంట్రుకలు. కొత్తోళ్లు వెంటనే మిషనులో ఫిల్టరు బటన్ నొక్కేస్తారు, మా డాక్టరుగారు ఒప్పుకోరు, ఫిల్టరు గుండె గీతను కూడా కొంచెం చెక్కేస్తుంది కదా. ముందు మంచం జరుపు, చార్జరు తీయించు, చర్మం తుడిచి జెల్లీ సరిగ్గా పెట్టు, వైర్లు అన్నీ ఒక కట్టగా ఒంటి మీదనే పెట్టు, వేలాడనీయకు. ఫిల్టరు చివరాఖరికి. ఇంకోటి, కుడికాలికి పెట్టే ఎలక్ట్రోడు గుండెను చదవడానికి కాదు. ఒంటికి పట్టిన నాయిస్‌ను తిరగేసి మళ్లీ ఒంట్లోకి పంపుతుంది మిషను, రెండూ కొట్టేసుకుంటాయి. పేషెంట్లు కాలికెందుకమ్మా గుండె అక్కడుందా అని అడుగుతుంటారు.

ఒక ప్రశ్న సార్. మా కేబుల్ షీల్డు (వైర్ల చుట్టూ ఉండే లోహపు జాలీ) మిషను వైపు ఒక్క కొసనే కట్టి ఉంటుంది, మీరు మోటారు కేబుల్‌కి ఏం చెప్తారు, ఒక కొసా, రెండు కొసలా?

వైర్‌మన్_తాడిపత్రి
బుధవారం మధ్యాహ్నం 12:41

ఒక్క కొసే! రెండు కొసలు కడితే ఎర్తు లూప్ అయి ఇంకా ఎక్కువ గోల అయితాది, ఇది మాత్రం నాకు తెలుసు.

గుంతకల్లు_సిగ్నల్_రిటైర్డ్
బుధవారం సాయంత్రం 4:20

ఇద్దరూ సరే, ఎక్కడ అనేదే తేడా. చిన్న సిగ్నలు, 50 హెర్ట్జ్ హమ్మింగు గొడవైతే ఒక కొస చాలు, రెండు కొసలు కడితే రెండు ఎర్తుల మధ్య తేడాకు షీల్డులోనే కరెంటు పారుతుంది. మోటారు కేబుల్ అలా కాదు. అక్కడ షీల్డు పని కాపలా కాయడం ఒక్కటే కాదు, నాయిస్ కరెంటు ఇంటికి తిరిగి వచ్చే రోడ్డు అదే. ఒక కొస విప్పేస్తే రోడ్డు తెగినట్టు. కాబట్టి మోటారు కేబుల్‌కి రెండు కొసలూ కట్టాలి, అదీ కేబుల్ చుట్టూతా బిగించే గ్లాండుతో. షీల్డును మెలిపెట్టి తోక మాదిరి చేసి పది సెంటీమీటర్లు వేలాడదీసి స్క్రూ కింద పెడితే ఆ తోకే మళ్లీ ఇండక్టరు.

రైల్వేలో ఇది పెద్ద స్కేలులో చూశాను. గుంతకల్లు వైపు లైనంతా 25 వేల వోల్టులు, ఒకే ఫేజు, 50 హెర్ట్జ్. కరెంటు పైతీగలో పోయి పట్టాల గుండా తిరిగి రావాలి, కానీ కొంత మట్టిలోకి జారి దూరంగా విశాలంగా తిరిగి వస్తుంది. పోయే దారికీ వచ్చే దారికీ మధ్య ఎంత ఎడం ఉంటే పక్కన పోయే టెలిఫోను తీగల్లో అంత వోల్టేజీ పుడుతుంది. కరెంటు లైన్లు వచ్చినప్పుడు పాత స్తంభాల మీది తీగలు పనికిరాక షీల్డున్న భూగర్భ కేబుళ్లు వేయాల్సి వచ్చింది అందుకే. కొన్నిచోట్ల బూస్టరు ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టి మట్టిలోకి జారే కరెంటును లాక్కొచ్చి పైతీగ పక్కనే ఇంకో తీగలో తిరిగి పంపుతారు. అంటే ఏంటి? పోయేదీ వచ్చేదీ ఆనుకొని పోవాలి. మీ గానుగలో కూడా అదే.

గానుగ_అనంతపురం
బుధవారం రాత్రి 8:10

సార్ అర్థమయింది. రేపు ఏమేం చేయాల్నో చెప్పండి. ఒకడు మా షాపుకొచ్చి కాటా చార్జరు ఎర్తు పిన్ను తీసేయ్, మోటరు పచ్చ వైరు కూడా కత్తిరించెయ్, దారి లేకుంటే నాయిస్ ఎట్లొస్తాది అన్నాడు.

గుంతకల్లు_సిగ్నల్_రిటైర్డ్
బుధవారం రాత్రి 8:14

వాణ్ణి షాపులోకి రానీయకండి. పచ్చ వైరు కత్తిరిస్తే ఏదో ఒక రోజు గానుగ ముట్టుకున్నవాడు పోతాడు. పచ్చ వైరు తీయడం అనే మాటే వద్దు.

కిరాణా_ప్రొద్దుటూరు
బుధవారం రాత్రి 8:50

గానుగ అన్నా, అందరూ వైర్ల గురించి చెప్తాండారు గానీ నాకు భయమైతాండేది వేరే. వైరు అతికించేటప్పుడు కాటా విప్పినాడా మెకానిక్కు? సీసం సీలు తెగిందా? తెగి ఉంటే నీ కాటా ముద్ర చెల్లదు. నాయిస్ పోయినా తూనికలు కొలతల వాళ్లు వస్తే ఫైను. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి ముద్ర ఎట్లా వేయించాల్నో సీలు తెంపితే మళ్లీ అట్లనే వేయించాల. నువ్వే విప్పి సరి చేయొద్దు, లైసెన్సు ఉన్న రిపేరోడే చేయాల.

గానుగ_అనంతపురం
బుధవారం రాత్రి 9:05

తెగింది అన్నా. అప్పుడు తెలీలేదు.

గుంతకల్లు_సిగ్నల్_రిటైర్డ్
గురువారం పొద్దున 6:50

ప్రొద్దుటూరు ఆయన మంచి మాట చెప్పారు, నాకు తట్టలేదు. అయితే పని ఈ వరసలో చేయండి. తూకానికి ఈ వారం వేరే కాటా తెచ్చుకోండి. లైసెన్సు రిపేరువాళ్ల చేత అతుకు వైరు తీయించి ఒకే ముక్క షీల్డు కేబుల్ వేయించండి, వాడి అతుకులో షీల్డు కలిపి ఉండడు, చూసుకోండి. ఈలోగా మోటారు పని. నాలుగు కోర్ల ఆర్మర్డ్ (చుట్టూ ఇనుప తీగల తొడుగున్న) కేబుల్, మూడు ఫేజులు, నాలుగోది పచ్చ. పచ్చది డ్రైవు ఎర్తు టెర్మినల్‌కి, ఇంకో కొస మోటారు బాడీకి. ఆర్మరు రెండు వైపులా ఇత్తడి గ్లాండుతో. అసలు డ్రైవుల కోసం చేసిన రాగి జాలీ షీల్డు కేబుల్ ఇంకా మేలు, కానీ అనంతపురంలో దొరక్కపోతే ఆర్మర్డ్‌తో సర్దుకోండి. వెనక గుంత ఎర్తు కూడా ఉండనీయండి, దాన్ని డ్రైవు ఎర్తుతో కలపండి. కాటా వైరు వేరే గోడ మీద. దాటక తప్పకపోతే అడ్డంగా, కూడలి మాదిరి దాటించండి, పక్కపక్కన పడుకోబెట్టొద్దు.

గానుగ_అనంతపురం
ఆదివారం సాయంత్రం 5:35

అప్‌డేట్. తాడిపత్రి అన్న నిన్న ఆయనే బస్సెక్కి వచ్చినాడు, కూలీ ఇస్తే తీసుకోలేదు, రెండు లీటర్ల బుడ్డల నూనె ఇచ్చి పంపినా. ఆర్మర్డ్ కేబుల్ వేసినాం, గ్లాండ్లు బిగించినాం. మెకానిక్కు అతుకు విప్పినాం అనుకునేరు, కాదు, రిపేరు షాపోళ్లే విప్పినారు, సార్ చెప్పినట్టే లోపల షీల్డు జాలీ ఎడం ఎడంగా తెగ్గొట్టి టేపు చుట్టి ఉండె.

కొత్త కేబుల్ వేసి పైపులు వేరు చేసినాక 150 గ్రాముల ఊపు 20కి దిగింది. ఒక్కోసారి 10. గానుగ తిరుగుతాంటే. నమ్మలేకపోయినా.

వైర్‌మన్_తాడిపత్రి
ఆదివారం సాయంత్రం 6:20

ఒకటి నేర్చుకున్నా, చెప్తా. స్తంభం కాడ రేడియో పెట్టి చూసినా, ముందర గుర్రుమనేది ఇప్పుడు గమ్మునుంది. గుంతలో ఒక్క చుక్క నీళ్లు పోయలేదు. మోటరు పచ్చ వైరును డ్రైవు కాడికి తెచ్చినాక జరిగింది ఇది. ఇరవై అయిదేండ్లుగా డ్రైవు పెట్టిన ప్రతి చోటా పచ్చ వైరు దగ్గర్లో ఏ గుంత ఉంటే దాంట్లో వేసినా. యాడేడ వేసినానో ఇప్పుడు రాత్రిపూట గుర్తొస్తాండాయి.

గుంతకల్లు_సిగ్నల్_రిటైర్డ్
ఆదివారం రాత్రి 7:45

మిగిలిన 20కి డ్రైవు సెట్టింగుల్లో క్యారియరు ఫ్రీక్వెన్సీ, అంటే డీసీని సెకనుకు ఎన్నిసార్లు కోస్తుందో, చూడండి, ఎంతుంది?

గానుగ_అనంతపురం
ఆదివారం రాత్రి 8:02

12 కిలోహెర్ట్జ్ ఉంది సార్. పెట్టినోడు మోటరు శబ్దం రాకుండా పెంచినా అన్నాడు.

గుంతకల్లు_సిగ్నల్_రిటైర్డ్
ఆదివారం రాత్రి 8:10

4కి దించండి. సెకనుకు గోడలు మూడో వంతుకు తగ్గుతాయి, డ్రైవు కూడా తక్కువ వేడెక్కుతుంది. కాకపోతే మోటారు ఈల వేస్తుంది, ఆ శబ్దం చెవికి బాగా వినపడే చోటికి వస్తుంది. గానుగ గోలలో అది ఎవరికి పడుతుంది.

గానుగ_అనంతపురం
సోమవారం మధ్యాహ్నం 3:15

4లో పెట్టినా. కాటా నిలబడింది. సన్నగా కీఈఈ అంటాది మోటరు, మా పిల్లోడు దోమ అన్నాడు.

కానీ సార్ ఇంకో తలనొప్పి. డ్రైవు కొన్న షాపోడు ఈఎంఐ ఫిల్టరు (నాయిస్‌ను ఆపేది) కూడా పెట్టుకో, ఇంట్లో టీవీకి కూడా మేలు అని అంటగట్టినాడు. పెట్టినాక డ్రైవు ఆన్ చేస్తానే ఇంటి ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తుకు కారితే పడిపోయే స్విచ్చు) టప్‌మని పడిపోతాంది. ఫిల్టరు చెడ్డదా?

గుంతకల్లు_సిగ్నల్_రిటైర్డ్
సోమవారం సాయంత్రం 5:00

చెడ్డది కాదు, అది చేసే పనే అంత. ఫిల్టరు లోపల ఫేజు నుంచి ఎర్తుకు కెపాసిటర్లు ఉంటాయి, నాయిస్‌కు దగ్గరి దారి చూపడానికి. వాటి గుండా 50 హెర్ట్జ్ కరెంటు కూడా కొంచెం కారుతుంది, 0.1 మైక్రోఫ్యారడ్ ఉంటే 230 వోల్టుల దగ్గర సుమారు 7 మిల్లీఆంపియర్లు. డ్రైవు సొంత లీకేజీ, ఫ్రిజ్జు, కంప్యూటరు, అన్నీ కలిస్తే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీకి ఎక్కువే, అది 15 దాటాక ఎప్పుడైనా పడిపోవచ్చు. డ్రైవుకు ఇంటి సాకెట్లతో సంబంధం లేని వేరే లైను, వేరే రక్షణ పెట్టించండి, ఏ టైపు ఆర్‌సీసీబీ పెట్టాలో డ్రైవు పుస్తకంలో ఉంటుంది, డ్రైవు లీకేజీలో డీసీ కూడా కలుస్తుంది కాబట్టి మామూలు ఏసీ టైపు దాన్ని సరిగ్గా పట్టదు. ఆర్‌సీసీబీని బైపాస్ మాత్రం చేయొద్దు. కాటా నిలబడిందంటున్నారు కదా, ఫిల్టరు ప్రస్తుతానికి తీసి పక్కన పెట్టినా నష్టం లేదు.

చీనీతోట_శింగనమల
సోమవారం రాత్రి 9:10

మధ్యలో వస్తాండా, ఏమనుకోవద్దు. మాది చీనీ తోట, సోలార్ పంపు, 600 అడుగుల బోరు, డ్రైవు పైన, మోటరు లోపల. రెండేండ్లలో రెండు మోటర్లు వైండింగు కాలిపోయినాయి. నీళ్లు బాగానే ఉండాయి, వోల్టేజీ బాగానే ఉంది. ఇది కూడా ఈ గోడల కథేనా?

గుంతకల్లు_సిగ్నల్_రిటైర్డ్
సోమవారం రాత్రి 9:40

కావచ్చు. పొడుగు కేబుల్‌లో ఆ గోడ మోటారు దాకా పోయి తిరిగి కొట్టుకుంటుంది, బావి గట్టున అరిస్తే వచ్చినట్టు. మోటారు టెర్మినల్స్ దగ్గర డ్రైవు డీసీ వోల్టేజీకి దాదాపు రెట్టింపు దాకా ఎగురుతుంది. 415 వోల్టుల డ్రైవులో డీసీ 585 అనుకుంటే అక్కడ 1100 దాటుతుంది. పాత రకం ఇన్సులేషను దాన్ని ఎన్నాళ్లో తట్టుకోదు. డ్రైవు అవుట్‌పుట్ దగ్గర సైన్ ఫిల్టరు ఉందా అడగండి, లేకపోతే పెట్టించండి, అది గోడలను నున్నగా చేసి పంపుతుంది. దీనికి వేరే పోస్టు మొదలుపెట్టండి, కేబుల్ సైజు, మోటారు ఎచ్‌పీ రాసి.

గానుగ_అనంతపురం
శనివారం మధ్యాహ్నం 1:25

ముద్ర వేయించినా, కొత్త సీలు. డ్రైవుకు వేరే లైను అయింది, తాడిపత్రి అన్నే చేసినాడు.

అవ్వ ఈరోజు వచ్చింది. కొంగులో మూట కట్టుకొని ఇంట్లో కిరాణా త్రాసు నుంచి ఇనుప కేజీ రాయి తెచ్చుకుంది. గానుగ తిరుగుతాంటే తట్ట మీద పెట్టింది. 1.000. తీసింది, మళ్లీ పెట్టింది, 1.000. మూడోసారి కూడా పెట్టి, సరే అని రాయి మూటలో వేసుకొని, "అయితే బుడ్డల చెక్క ఎందుకు తక్కువ వచ్చింది నాకు మొన్న" అని మొదలుపెట్టింది.